నరాల జబ్బుకు పేరు తేలేదాకా: మల్టిపుల్ స్క్లిరోసిస్ అనుమానం, భూపాలపల్లి దారి

మల్టిపుల్ స్క్లిరోసిస్ మెదడుకు, వెన్నుపాముకు, కంటి నరాలకు వచ్చే జబ్బు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి, నరాల తంతువులను చుట్టి ఉండే మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. తొడుగు ఊడిన కరెంటు తీగలాగా ఆ చోట సంకేతాలు మందగిస్తాయి, ఒక్కోసారి ఆగిపోతాయి. 1868లో పారిస్ వైద్యుడు షార్కో దీన్ని ప్రత్యేక వ్యాధిగా వివరించాడు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవారి కంటే ఆడవారికి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది.

ఇది చలిదేశాల జబ్బనీ, మనవాళ్లకు రాదనీ చాలాకాలం అనుకున్నారు. మన దగ్గర తక్కువన్నది నిజమే. మంగళూరు నగరంలో జరిపిన సర్వేలో లక్ష మందిలో సుమారు 8 మందికి ఉన్నట్టు 2014లో ప్రచురించారు. అమెరికాలో దాదాపు 10 లక్షల మంది దీనితో బతుకుతున్నారు. అయితే వలస వెళ్లిన కుటుంబాలు గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. భారత ఉపఖండం నుంచి బ్రిటన్‌కు వెళ్లినవారి పిల్లల్లో, అక్కడే పుట్టినవారికి ఈ జబ్బు ఇంచుమించు అక్కడి జనంతో సమానంగా వస్తోందని 1990లోనే ఒక అధ్యయనం చూపింది. అంటే వంశం ఒక్కటే కాదు, చిన్నతనం గడిచిన చోటు కూడా లెక్కలోకి వస్తుంది. ఎప్‌స్టీన్ బార్ వైరస్ సోకినవారికి ముప్పు 32 రెట్లు పెరుగుతోందని, కోటి మందికి పైగా అమెరికా సైనికుల రికార్డుల ఆధారంగా 2022లో తేలింది. ఆ వైరస్ లోకంలో దాదాపు అందరికీ సోకేదే కనుక అదొక్కటే కారణం కాదు.

తెలంగాణలోని భూపాలపల్లి ప్రాంతంలో ఈ జబ్బుతో వచ్చే మనిషి డాక్టరుకు జబ్బు పేరు చెప్పదు. ‘ఒక కన్ను మసకేసింది, కన్ను తిప్పితే నొప్పి’ అంటుంది. నడుము కింది భాగమంతా మొద్దుబారిందనీ, మెడ వంచితే వీపు వెంట షాక్ కొట్టినట్టుందనీ, కాలి నుంచి చెప్పు జారినా తెలియడం లేదనీ చెబుతుంది. మూత్రం ఆపుకోలేకపోతున్న సంగతి అడిగితే తప్ప చెప్పదు. కొన్ని వారాల్లో చాలావరకు తగ్గిపోతుంది. తగ్గిందని సంతోషించి ఇంట్లోవాళ్లు చీటీలు పారేస్తారు. నిర్ధారణ ఆలస్యం కావడానికి అసలు కారణం ఇక్కడే ఉంది: దానంతట అది తగ్గే జబ్బును ఎవరూ లెక్కపెట్టరు.

ఆ తర్వాతి దారి ఊళ్లో అందరికీ తెలిసిందే. ముందు ఆర్ఎంపీ, ‘నరాల బలహీనత’ అన్న మాట, నాలుగు బీకాంప్లెక్స్ సూదులు. తర్వాత నడుము ఎక్స్‌రే. కంటికైతే అద్దాలు. కొత్తగా పెళ్లయిన పిల్లకైతే గాలి సోకిందంటారు, లేదా పని తప్పించుకోవడానికి నటిస్తోందంటారు. బిడ్డ పుట్టిన మొదటి మూడు నెలల్లో ఈ జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. అప్పుడు కాళ్లు పట్టు తప్పితే బాలింత నీరసం కింద కొట్టేస్తారు. మే నెల ఎండలో లక్షణాలు పెరగడం మరో తికమక. ఒంటి వేడి పెరిగితే పాత గాయమైన నరం మరింత మొరాయిస్తుంది; ఒళ్లు అలిసినప్పుడు చూపు మసకబారడం గురించి జర్మన్ కంటి వైద్యుడు ఊట్‌హాఫ్ 1890లోనే రాశాడు. భూపాలపల్లి లాంటి బొగ్గు గనుల ఊళ్లో వేసవి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. చల్లబడగానే సర్దుకుంటే అది కొత్త దాడి కాదు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ లేకుండా, కనీసం 24 గంటలు నిలిచిన లక్షణాన్నే డాక్టర్లు దాడిగా లెక్కిస్తారు.

ఈ జబ్బును తానొక్కటే పట్టిచ్చే రక్తపరీక్ష ఇప్పటికీ లేదు. నాడీవైద్యుడు ముందు రోగి చెప్పేది వింటాడు, తర్వాత కంటిపాపలు, మోకాలి కుదుపులు, అరికాలి స్పందన, నడక చూస్తాడు. ఆ తర్వాత చేసే పరీక్షల్లో చాలావరకు వేరే జబ్బులను తోసిపుచ్చడానికే, అదీ న్యాయమే. తెలంగాణలో కాళ్లు మొద్దుబారడానికి ఇంతకంటే మామూలు కారణాలు చాలా ఉన్నాయి. బి12 లోపం వాటిలో ముందుంటుంది. ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకోగానే తూలిపడబోతే దాన్ని తప్పక అనుమానించాలి. వెన్నెముక క్షయ వెన్నుపామును నొక్కవచ్చు. నల్గొండ వైపు ఫ్లోరోసిస్ కూడా అదే పని చేస్తుంది. షుగరు, థైరాయిడ్, సిఫిలిస్, హెచ్ఐవీ, లూపస్ పరీక్షలు రాసినప్పుడు డాక్టరు కమీషన్ కోసం రాశాడని అనుకోవడం చాలాసార్లు పొరపాటే.

తర్వాతిది ఎంఆర్ఐ. నడుముకు మాత్రమే తీయించడం మన దగ్గర తరచూ జరిగే వృథా ఖర్చు. అనుమానం ఈ జబ్బు మీద ఉంటే మెదడు, మెడ, వీపు భాగాల వెన్నుపాము చూడాలి. సిరలోకి గాడోలినియం మందు ఎక్కించి తీస్తే తాజా మచ్చలు మెరుస్తాయి, పాతవి మెరవవు. అలా ఒకే స్కానింగులో వేర్వేరు కాలాల దెబ్బలు బయటపడవచ్చు. నిర్ధారణకు మూలసూత్రం కూడా అదే: నాడీవ్యవస్థలో ఒకటి కంటే ఎక్కువ చోట్ల, ఒకటి కంటే ఎక్కువసార్లు దెబ్బ తగిలినట్టు రుజువు కావాలి. ఈ సూత్రం మీద నిలిచిన మెక్‌డొనాల్డ్ ప్రమాణాలు 2001లో వచ్చాయి, తర్వాత పలుమార్లు మారాయి. 2024 సవరణలో కంటి నరాన్నీ ఒక చోటుగా చేర్చారు, కొన్ని సందర్భాల్లో ఒకటి కంటే ఎక్కువసార్లు దెబ్బ తగిలిన రుజువు లేకుండానే నిర్ధారించే వీలిచ్చారు.

వెన్నునీరు తీయడమంటే జనానికి భయం. నడుము పడిపోతుందన్న మాట పల్లెల్లో గట్టిగా నాటుకుంది. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది, సూది దిగేది దానికి కింద. కొందరికి కొన్ని రోజులు తలనొప్పి రావచ్చు. ఆ నీటిలో ఆలిగోక్లోనల్ బ్యాండ్లు కనిపిస్తే నిర్ధారణకు బలం. పాశ్చాత్య దేశాల రోగుల్లో అధికశాతానికి ఇవి ఉంటాయి, మన రోగుల్లో అంతకంటే తక్కువ మందికే కనిపిస్తాయి. కాబట్టి లేనంత మాత్రాన జబ్బు లేదనలేం.

ఇక్కడ మరొక పేరు తప్పక తెలిసి ఉండాలి: న్యూరోమైలైటిస్ ఆప్టికా. దీన్ని చాలాకాలం మల్టిపుల్ స్క్లిరోసిస్‌లో ఒక రకమనే అనుకున్నారు. ఆక్వాపోరిన్-4 మీద దాడిచేసే యాంటీబాడీని 2004, 2005లో గుర్తించాక ఇది వేరే జబ్బని ఖాయమైంది. ఇందులో వెన్నుపాములో మచ్చ సాధారణంగా మూడు వెన్నుపూసల పొడవున లేదా అంతకు మించి సాగుతుంది, చూపు బాగా దెబ్బతింటుంది. రోజుల తరబడి ఆగని ఎక్కిళ్లు, వాంతులతో మొదలైనవారు గ్యాస్ డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. తేడా తేల్చకుండా మందు మొదలుపెట్టడం ప్రమాదం. మల్టిపుల్ స్క్లిరోసిస్‌కు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ ఈ జబ్బును ఇంకా ముదరబెడుతుంది. స్టెరాయిడ్‌తో తగ్గింది కదా అని ఏ పేరూ పెట్టలేం, రెండూ దానితో తగ్గుతాయి. ఏ డాక్టరైనా పేరు చెప్పడానికి కొన్ని నెలలు ఆగమంటే అది చేతకానితనం కాదు.

2016 అక్టోబరు 11న ఏర్పడిన జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. సింగరేణి బొగ్గు గనుల కార్మికులకు కంపెనీ ఆస్పత్రి ఉంది. బి12, షుగరు, థైరాయిడ్ వంటి మొదటి పరీక్షలకు జిల్లా దాటనక్కర్లేదు. తర్వాత పరకాల మీదుగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో వరంగల్ ఎంజీఎం, ఆ పైన హైదరాబాదులో నిమ్స్, గాంధీ, ఉస్మానియా నాడీవైద్య విభాగాలు. కూలికి పోయే ఇంటికి హైదరాబాదు ప్రయాణం అంటే ఇద్దరి రోజు కూలి, బస్సు చార్జీలు, రాత్రి బస. అందుకే వెళ్లిన ఒక్కసారికే పని జరిగేలా వెళ్లాలి. ఒక కాగితం మీద ఏ నెలలో ఏ లక్షణం, ఏ వైపు, ఎన్నాళ్లు, ఏ సూదితో తగ్గింది అని రాసుకెళ్తే, డాక్టరుకు అది రెండో స్కానింగంత పనికొస్తుంది. నిర్ధారణ అయ్యాక అదే ఫైలు వైకల్య ధ్రువపత్రానికీ కావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లిరోసిస్ ఒకటి.

చూపు హఠాత్తుగా పోయినా, రెండు కాళ్లు చచ్చుబడుతున్నా, మూత్రం బిగుసుకుపోయినా ఈ వరుస అంతా పక్కనపెట్టి ఆ రోజే పెద్దాస్పత్రికి వెళ్లాలి. మిగతా సందర్భాల్లో విదేశాల్లో ఉన్న బంధువులు చేయగల సాయం ఉంది. కిటికీ వెలుగుకు పట్టి వాట్సాప్‌లో పంపిన ఫిల్ము ఫోటో చూసి అక్కడి డాక్టరు ఏమీ చెప్పలేడు. స్కానింగ్ సెంటరు నుంచి సీడీ అడిగి తీసుకోమనండి, తారీఖుల కాగితం రాయించండి, రెండూ వచ్చాకే రెండో అభిప్రాయం అడగండి.