ల్యాండ్ క్రూజర్‌కు యాడ్ ఎవరిచ్చారు?

దోహాలో మనవాళ్లను ఎవరినైనా అడిగి చూడండి, డబ్బుంటే ఏ బండి కొంటావని. ఎక్కువమంది నోట వచ్చేది ల్యాండ్ క్రూజరే. ఆ బండి యాడ్ టీవీలో ఎప్పుడు చూశావంటే మాత్రం బుర్ర గోక్కుంటారు. మరి కార్ల కంపెనీలు పేపర్లకు, టీవీలకు అన్ని కోట్లు ఎందుకు పోస్తున్నట్టు?

టయోటా యాడ్స్ ఇవ్వదని కాదు, ఇస్తుంది. కానీ ఈ బండికి పేరు తెచ్చింది అవి కావు. 1951లో బీజే అనే పేరుతో మొదలై, 1954లో ల్యాండ్ క్రూజర్ అయింది. ఎండకు ఆగకుండా, ఇసుకలో దిగబడకుండా తిరిగింది కాబట్టి ఆ నోటా ఈ నోటా పాకింది. చలికాలంలో శుక్రవారం సీలైన్ వైపు వెళితే తిన్నెలెక్కే బండ్లే చెబుతాయి ఆ సంగతి. 2019 నాటికి ప్రపంచమంతా కలిపి కోటి బండ్లు అమ్ముడుపోయాయి. 2021లో కొత్త మోడల్ వస్తే, ఏడాదిలోపు తిరిగి అమ్మబోమని జపాన్‌లో కొనేవాళ్లతో సంతకాలు పెట్టించుకున్నారు! 2022లో అక్కడ బండి చేతికి రావడానికి నాలుగేళ్లు పట్టొచ్చని కంపెనీయే చెప్పింది.

సైట్లో మేం పికప్ గురించి మాట్లాడుకున్నా అంతే. డ్రైవర్ అడిగేది ఒక్కటే: "సనాయాలో పార్టులు దొరుకుతాయా సార్?"

టెస్లా సంగతి వేరు. ఏళ్ల తరబడి డబ్బిచ్చి యాడ్స్ వేయించుకోలేదు. కాస్త వేసి చూద్దామని ఎలాన్ మస్క్ అన్నది 2023 మేలో. ఆ ఏడాదే వాళ్ల మోడల్ వై ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైంది. అయితే మస్క్ నోరు తెరిస్తే చాలు, పేపర్లు ఊరికే రాస్తాయి. అందరికీ అలాంటి యజమాని దొరకడు కదా. పైగా ఊరికే వచ్చే ప్రచారం ఒక్కోసారి కొంప ముంచుతుంది. 2009లో వచ్చిన నానోకు 'లక్ష రూపాయల కారు' అని దేశమంతా పేరొచ్చింది. అతి చౌక బండి అన్న ఆ ముద్రే దెబ్బతీసిందని తర్వాత రతన్ టాటాయే అన్నారు.

మరి కొత్తగా వచ్చేవాడి గతేంటి? పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి సెల్టోస్ 2019 ఆగస్టులో బయటికొచ్చింది. అప్పటికి మన ఊళ్లలో ఆ బండి నడిపినవాడు లేడు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడూ లేడు. నోటి మాట పుట్టాలంటే ముందు కొందరు కొనాలి. వాళ్లను షోరూం దాకా రప్పించేది యాడే. 2022 వరల్డ్ కప్‌లో, మనవాళ్లు చెమటోడ్చి కట్టిన స్టేడియాల్లో గ్రౌండ్ చుట్టూ కియా బోర్డులు వెలిగాయి. అది దండగ ఖర్చని నేననను. కానీ యాడ్ పని అక్కడితో సరి. ఐదేళ్ల తర్వాత అమ్మబోతే ఎంతొస్తుందో, దాన్ని బట్టే ఆ పేరు నిలుస్తుంది.

ఇక్కడి కష్టార్జితంతో ఊళ్లో టాక్సీకి బండి కొనాలనుకుంటున్నారా? సెలవు మీద వెళ్లినప్పుడు షోరూంకు తర్వాత వెళ్లొచ్చు. ముందు మీ మండలంలో టాక్సీ స్టాండు దగ్గర ఓ పూట నిలబడి, ఏ బండి ఎక్కువగా తిరుగుతోందో, ఏది మెకానిక్ దగ్గర ఆగి ఉందో చూసి రండి.