వేలు పోసి కొన్న మాన్‌స్టెరా మే నెల దాటాలంటే..

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్ల మిద్దెల మీద గులాబీ, మల్లె, మెహందీ, పుదీనా కుండీలు మామూలే. ఇప్పుడు వాటి పక్కన ఫోన్‌లో చూసి తెప్పించుకున్న మొక్కలూ చేరుతున్నాయి. వాటిలో ఖరీదైనది తెల్ల మచ్చల మాన్‌స్టెరా. చిన్న మొక్కకే వేల రూపాయలు అడుగుతారు. చలికాలంలో కళకళలాడే ఈ మొక్క ఏప్రిల్, మే వచ్చేసరికి ఆకుల అంచులు మాడి, వేళ్లు కుళ్లి పోతే ఆ డబ్బంతా పోయినట్టే. దీనికి కారణం ఎక్కువగా మన మట్టి, మన నీళ్లు, మన ఎండ. మూడింటికీ ఉపాయం ఉంది.

చామగడ్డకు చుట్టమే

పేరు కొత్తదైనా కుటుంబం పాతదే. ఇళ్లలో అర్వీ అని పిలిచే చామగడ్డ, కంద, మనీప్లాంట్, మాన్‌స్టెరా అన్నీ అరేసీ కుటుంబానివే. మాన్‌స్టెరా పుట్టిల్లు దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా ఉన్న తేమ అడవులు. అక్కడ పెద్ద చెట్ల నీడలో, గాలివేళ్లతో మానును పట్టుకుని పైకి పాకుతుంది. అంటే దానికి కావాల్సింది నీడ, తేమ గాలి, వేళ్లకు ఊపిరి.

మట్టి

నల్లరేగడి శనగకు మంచిదే కానీ ఈ మొక్కకు పనికిరాదు. తడిస్తే బంకలా పట్టేసి వేళ్లకు గాలి అందనివ్వదు. కొబ్బరిపొట్టు రెండు పాళ్లు, కడిగిన చిన్న ఇటుక ముక్కలు రెండు పాళ్లు, బొగ్గు ముక్కలు ఒక పాలు, బాగా మాగిన ఎరువు ఒక పాలు కలిపితే చాలు. పోసిన నీళ్లు వెంటనే కింది రంధ్రాల్లోంచి బయటికి రావాలి. పాకడానికి కొబ్బరి పీచు చుట్టిన కర్ర ఒకటి నిలబెట్టాలి.

నీళ్లు

ఈ ప్రాంతం సున్నపురాయి నేల. బోరు నీళ్లు పట్టిన బకెట్ల అంచున పేరుకునే తెల్లటి పొరే కుండీలోనూ పేరుకుంటుంది. ఆకుల అంచులు గోధుమరంగులోకి తిరగడానికి అదీ ఒక కారణం. వాటర్ ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లలో ఉప్పు ఇంకా ఎక్కువ, అవి పోయకూడదు. వాన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు మేలు. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే పోయాలి. రోజూ అలవాటుగా పోస్తే వేళ్లు కుళ్లుతాయి.

ఎండ, వడగాలి

నాపరాయి పరిచిన మిద్దె మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. అక్కడ కుండీ పెట్టకూడదు. తూర్పు కిటికీ దగ్గర పొద్దుటి వెలుతురు తగిలేలా, మిగతా వేళ నీడలో ఉంచాలి. కూలర్ ఉన్న గది మంచిదే కానీ గాలి నేరుగా తగలకూడదు. గులకరాళ్లు, నీళ్లు ఉన్న పళ్లెంలో రాళ్ల మీద కుండీ పెడితే చుట్టూ కొంత తేమ ఉంటుంది. ఎండాకాలంలో ఎరువు వేయడం, కుండీ మార్చడం వద్దు. వానలు మొదలయ్యాక చేసుకోవచ్చు.

కొనే ముందు

తెల్ల మచ్చల మాన్‌స్టెరా విత్తనాలంటూ అమ్మేవాళ్లను నమ్మొద్దు. ఆ మచ్చలు విత్తనంతో నమ్మకంగా రావు. ఆల్బో రకాన్ని ఎక్కువగా కణుపు ఉన్న ముక్కతో పెంచుతారు. కణుపు లేని ఒట్టి ఆకు వేళ్లు తొడిగినా కొత్త మొక్క కాదు. థాయ్ కాన్‌స్టలేషన్ రకం టిష్యూ కల్చర్‌లో తయారవుతుంది. పూర్తిగా తెల్లగా ఉన్న మొక్క ఎంత అందంగా ఉన్నా తీసుకోకూడదు. పచ్చదనం లేనిదే ఆకు ఆహారం తయారుచేసుకోలేదు. ముందు మామూలు పచ్చ మాన్‌స్టెరానో, మనీప్లాంటో పెట్టి ఒక ఎండాకాలం దాటించి చూస్తే ఇంట్లో ఏ మూల అనుకూలమో తెలిసిపోతుంది.

పిల్లలు జాగ్రత్త

సరిగా ఉడకని చామగడ్డ తింటే గొంతు దురద పెడుతుంది కదా. దానికి కారణమైన సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు మాన్‌స్టెరా ఆకుల్లోనూ ఉంటాయి. పాకే పిల్లలకు, మేకపిల్లలకు, పిల్లులకు అందకుండా పెట్టాలి. పిల్లలు నమిలితే నోరు కడిగించి, చల్లటి పాలో నీళ్లో కొద్దిగా తాగించాలి. వాంతి చేయించకూడదు. నాలుక వాచినా, మింగడానికి, ఊపిరి తీయడానికి ఇబ్బంది పడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కొమ్మలు కత్తిరించేటప్పుడు పెద్దవాళ్లూ చేతులకు తొడుగులు వేసుకోవాలి.