బుడగ చీలినా మందు ఒలకదు

2021లో బ్లాక్ ఫంగస్ విజృంభించినప్పుడు ఆస్పత్రులు వెతికిన మందు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి. మామూలు ఆంఫోటెరిసిన్ ఫంగస్‌తో పాటు కిడ్నీలనూ దెబ్బతీస్తుంది. లైపోసోమ్‌లనే సూక్ష్మమైన కొవ్వు బుడగల్లో చేర్చి ఇస్తే ఆ హాని తగ్గుతుంది.

అలాంటి దేశీయ మందు ‘ఫంగిసోమ్’. ఢిల్లీలోని ధౌలా కువాన్ దగ్గర, ఢిల్లీ విశ్వవిద్యాలయ సౌత్ క్యాంపస్‌లో బయోకెమిస్ట్ బిమల్ కుమార్ బచావత్ పరిశోధనల నుంచి ఇది రూపుదిద్దుకుంది. ముంబై కేఈఎం ఆస్పత్రిలో నీలిమా క్షీర్‌సాగర్ బృందం దీన్ని రోగులపై పరీక్షించింది.

ఈ మందును ఎక్కించే ముందు సీసాను అల్ట్రాసౌండ్ యంత్రంలో 45 నిమిషాలు ఉంచాలి. అప్పుడు పెద్ద బుడగలు చిన్నవిగా చీలుతాయి.

అవి వాటంతటవే ఎందుకు చీలవు? బుడగ గోడ రెండు వరుసల కొవ్వు అణువుల పొర. మందం సుమారు 5 నానోమీటర్లు. అది తేలిగ్గా వంగుతుంది, కానీ పెద్దగా సాగదు. అదే పొరతో రెండు సమాన గోళాలు చేస్తే లోపల 71 శాతం నీరే పడుతుంది. మిగతా 29 శాతం బయటికి పోవాలి. కొంత నీరు తగ్గితే పొర వదులై బుడగ డంబెల్ ఆకారంలోకి మారగలదు. ఆ నడుము తెగాలంటే మాత్రం బలం కావాలి. జీవకణాల్లో ఆ పని ప్రొటీన్లది. సీసాలో ధ్వని తరంగాలు పొరను చించుతాయి. చిరిగిన అంచులు నీటికి ఓర్వలేక వెంటనే చిన్న బుడగలుగా మూసుకుంటాయి.

మరి నీటితో పాటు మందూ పోదా? పోదు. ఆంఫోటెరిసిన్ ఉండేది బుడగలోని నీటిలో కాదు, గోడలోని కొవ్వు అణువుల మధ్య. గోడ ఎన్ని ముక్కలైనా మందు దాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది.