పీటల మీద గంటన్నర: కాళ్ళు ఎందుకు తిమ్మిరెక్కలేదు?

"మూడు నెలలుగా రోజూ పొద్దున్నే అరగంట యోగా చేస్తున్నానండీ. బరువు కిలో కూడా తగ్గలేదు. కానీ మొన్న గృహప్రవేశంలో సత్యనారాయణ వ్రతానికి పీటల మీద గంటన్నర కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కలేదు. చెయ్యి నేలకు ఆనించకుండానే లేచాను. ఇది యోగా వల్లేనా?"

యాభై దాటిన ఒకావిడ అడిగారు. చాలావరకు యోగా వల్లేనమ్మా. బరువు సంగతి ముందే చెప్పేస్తాను. నెమ్మదిగా వేసే ఆసనాలకు పెద్దగా శక్తి ఖర్చు కాదు. కిలోలు తగ్గాలంటే నడక పెంచాలి, కంచంలో అన్నం చూసుకోవాలి. మీకు దక్కిన లాభం వేరే, నా దృష్టిలో దాని విలువ ఎక్కువ.

మన అమ్మమ్మలు కత్తిపీట ముందేసుకుని కింద కూర్చునే కూరలు తరిగేవారు. రోటి పని, పొయ్యి పని, భోజనం, అన్నీ నేల మీదే. రోజుకు ఎన్నిసార్లు కింద కూర్చుని లేచేవారో వాళ్ళు లెక్కపెట్టుకోలేదు. ఆ తర్వాత వంటగట్టు వచ్చింది, డైనింగ్ టేబుల్ వచ్చింది, కమోడ్ వచ్చింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు అవి వరమే, కాదనను. కానీ గొంతుక్కూర్చోవడం, మఠం వేసుకోవడం మన దినచర్యలోంచి ఒకటి రెండు తరాల్లోనే జారిపోయాయి. వాడని కదలికను శరీరం అలాగే నిలుపుకోదు. అది పోయిందని మనకు తెలిసేది ఏ వ్రతం పీటల మీదో.

మరి మూడు నెలల్లో ఎలా తిరిగొచ్చింది? కండరాలు సాగి పొడవయ్యాయని చాలామంది అనుకుంటారు. మొదటి వారాల్లో జరిగేది ఎక్కువగా అది కాదు. కండరం ఒక హద్దు దాటి సాగబోతే నరాలు 'ఇక చాలు' అని నొప్పి రూపంలో చెబుతాయి. రోజూ ఆ హద్దు దాకా మెల్లగా వెళ్ళి, నాలుగైదు శ్వాసలు నింపాదిగా ఆగి, వెనక్కి వస్తుంటే ఆ హెచ్చరిక కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. అందుకే గుంజి లాగితే పని జరగదు. నెల రోజులు మానేస్తే బిగుతు మళ్ళీ రావడానికీ కారణం అదే.

ఇక తిమ్మిరి. తుంటి కీళ్ళు బిగిసి ఉంటే మఠం వేసుకున్నప్పుడు మోకాళ్ళు పైకి లేచి ఉంటాయి, నడుము వెనక్కి వాలిపోతుంది, వీపు గూనవుతుంది. ఒక్కచోటే బరువు పడి తొడలోనో, మోకాలి పక్కనో నరం నొక్కుకుపోతుంది. తుంటి వదులైతే నడుము నిటారుగా నిలుస్తుంది, బరువు పిరుదుల కింది రెండు ఎముకల మీద సమంగా పడుతుంది.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. పద్మాసనం రాలేదని పాదాన్ని చేత్తో లాగి తొడ మీద పెట్టుకోకండి. మోకాలు ముఖ్యంగా తలుపు బందులా మడిచి చాపడానికి ఉన్న కీలు. కాలు బయటికి తిరగాల్సింది తుంటి దగ్గర. అక్కడ తిరగకపోతే ఆ మెలి మోకాలి లోపలి మెత్తటి పొర మీద పడుతుంది. ఫోటోలో బాగుండాలని మోకాలు పాడుచేసుకున్నవాళ్ళ గురించి వింటే మనసు చివుక్కుమంటుంది. పతంజలి యోగసూత్రాల్లో ఆసనం గురించి ఉన్నవి మూడే సూత్రాలు. ఆయన అడిగింది స్థిరంగా, సుఖంగా ఉండమనే.

చెయ్యి ఆనించకుండా లేవడం చిన్న సంగతేం కాదు. బ్రెజిల్ వైద్యుడు క్లాడియో గిల్ అరౌజో బృందం 2012లో ప్రచురించిన అధ్యయనంలో 51 నుంచి 80 ఏళ్ళ మధ్యవాళ్ళను నేల మీద కూర్చుని లేవమన్నారు. మొత్తం 10 మార్కులు. చెయ్యో మోకాలో ఆనించిన ప్రతిసారీ ఒక మార్కు కోత. తక్కువ మార్కులు వచ్చినవాళ్ళలో తర్వాతి ఏళ్ళలో మరణాలు ఎక్కువ కనిపించాయి. యోగా చేస్తే ఆయుష్షు పెరుగుతుందని దీనర్థం కాదు. కాళ్ళ బలం, కీళ్ళ వదులు, నిలకడ మూడూ కలిస్తేనే అలా లేవగలం అన్నంతవరకే నేను చెప్పగలను.

నిలకడ కోసం వృక్షాసనం గోడ పక్కన వేయండి. పాదాలు, చీలమండలు, కళ్ళు, చెవి లోపలి భాగం పంపే కబుర్లను మెదడు కలుపుకుని మనల్ని నిలబెడుతుంది. కొన్ని వారాల తర్వాత ఒంటికాలి మీద చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నప్పుడో, బస్సు బ్రేకు వేసినప్పుడో తేడా మీకే తెలుస్తుంది.

శ్వాస లాభం ఇంట్లోవాళ్ళే ముందు పసిగడతారు, కోపం తగ్గిందని. గాలి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే కొందరికి అది తెలుస్తుంది కూడా. సెకనుకో అంకె చొప్పున నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదిలితే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. ఇటలీలో లూసియానో బెర్నార్డీ బృందం 2001లో గమనించిందీ ఇలాంటిదే. లాటిన్‌లో జపమాల ప్రార్థన చేసినా, యోగ మంత్రం జపించినా శ్వాస దాదాపు నిమిషానికి ఆరుకు దిగింది. లలితా సహస్రనామం పైకి చదివేటప్పుడూ మనం ఎక్కువసేపు గాలి వదులుతూనే ఉంటాం. చదివి లేచాక వచ్చే నెమ్మదికి భక్తితో పాటు ఈ శ్వాసా కారణమేనని నాకనిపిస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఇరవై నిమిషాలు చాలు. సుఖాసనం, తాడాసనం, వృక్షాసనం, భుజంగాసనం, చివర శవాసనం. అధిక రక్తపోటు, గ్లకోమా ఉన్నవాళ్ళు తలకిందుల ఆసనాల జోలికి పోవద్దు. నడుములో డిస్కు జారినవాళ్ళు ముందుకు వంగే ముందు డాక్టరును అడగాలి.

మీరు మాత్రం కార్తీకంలో మళ్ళీ పీటల మీద కూర్చునేటప్పుడు పిరుదుల కింద ఒక దుప్పటి మడత వేసుకోండమ్మా. మోకాళ్ళు తుంటికంటే కాస్త కిందకు దిగుతాయి, కథ అయిదో అధ్యాయం దాకా నడుము నిలబడుతుంది.