ఒకే దారం... చేతికి లావు చారలెందుకు?

యానాం ఉక్కకు హాయిగా ఉండేలా, పొట్టి చేతుల వదులు చొక్కాని రంగురంగుల నూలుతో అల్లారనుకోండి. ఒకటే ఉండ! అయినా ఒంటి మీద రంగులు ముక్కముక్కలుగా, చేతుల మీద లావు చారలుగా వస్తాయి. ఎందుకు?

ఈ దారానికి కొంత మేర ఎరుపు, ఆపైన కొంత నీలం అద్దుతారు. బారెడు తాడు బిందె మెడకు చుట్టి చూడండి, చాలా చుట్లొస్తాయి. పొట్టకైతే ఒకటో రెండో. అలాగే వెడల్పాటి ఒంటి భాగంలో వరుస నిండకుండానే ఎరుపు అయిపోతుంది. ఇరుకు చేతిలో అదే ఎరుపు రెండు మూడు వరుసలు తిరిగి చార కడుతుంది.



చారలు వద్దా? రెండు ఉండలు తీసుకుని, వరుస మార్చి వరుస అల్లండి. రంగులు కలిసిపోతాయి.