అతుకు పడిన బ్లేడు

థర్మల్ విద్యుత్కేంద్రంలో ఓవర్‌హాల్ ముగించి టర్బైనును మళ్లీ తిప్పే రోజున అందరి కళ్లూ వైబ్రేషన్ మీటరు మీదే ఉంటాయి. బేరింగుల దగ్గర అంకె తక్కువగా కనిపిస్తే ఇంజినీర్ల మనసు కుదుటపడుతుంది. నిజానికి అది సగం కబురే. ఆ మీటరుకు తెలిసేది షాఫ్టు సంగతి. దాని మీద బిగించిన వందలాది బ్లేడుల్లో ఏది ఎలా వణుకుతోందో దానికి తెలియదు.

ముందు షాఫ్టు సంగతి, అది కొంచెం తేలిక. మన దేశంలో పెద్ద టర్బైన్లు చాలామటుకు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతాయి. ఆ వేగంలో ఇరుసుకు మీటరు దూరంలో ఉన్న ఏ వస్తువైనా తన బరువుకు సుమారు పదివేల రెట్ల బలంతో బయటికి గుంజుతుంది. పది కిలోల బ్లేడు వంద టన్నులతో గుంజుతుందన్నమాట. ఎదుటి బ్లేడు కూడా అంతే గుంజుతుంది కాబట్టి చెల్లుకు చెల్లు. మరమ్మతులో ఒకదానికి పది గ్రాముల వెల్డింగు ఎక్కువ పడితే మాత్రం వంద కిలోల బలం షాఫ్టును పక్కకు లాగుతూ సెకనుకు 50 సార్లు చుట్టి వస్తుంది. అందుకే బ్లేడులను ఒక్కొక్కటిగా తూచి, సరిజోడైనవి ఎదురెదురుగా పడేలా వరస కూరుస్తారు. ఇంకా మిగిలిన తేడాను చిన్న చిన్న బరువులు తగిలించి సరిచేస్తారు. హైదరాబాదు రామచంద్రాపురంలోని బీహెచ్ఈఎల్‌లో గాలి తోడేసిన సొరంగంలో రోటర్లను పనివేగాన్ని మించి తిప్పి చూసే ఏర్పాటు ఉంది. గాలి ఉంటే బ్లేడులు దాన్ని చిలికి చిలికి కాగిపోతాయి మరి.

ఇంతా చేస్తే షాఫ్టు కుదురుకుంటుంది. బ్లేడు సంగతి వేరు. ప్రతి బ్లేడుకూ తనదైన సహజ పౌనఃపున్యం ఉంటుంది. ఆవిరి అన్నివైపులా ఒకే ఒత్తిడితో రాదు కాబట్టి చుట్టుచుట్టుకూ బ్లేడుకు తోపుడు తగులుతుంది. ఆ తోపుళ్లు 50, 100, 150 హెర్ట్జ్, ఇలా భ్రమణ వేగపు గుణిజాల్లో వస్తాయి. వాటిలో ఏదైనా బ్లేడు సహజ పౌనఃపున్యంతో కలిసిందా, అనునాదమే. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీరు విల్‌ఫ్రెడ్ క్యాంప్‌బెల్ 1924లో టర్బైను చక్రాల కంపనాల మీద రాసిన పత్రం ఈ లెక్కలకు పునాది. వేగంతోపాటు పౌనఃపున్యాలు ఎక్కడ కలుస్తాయో చూపే పటాన్ని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

మరమ్మతు ఈ పౌనఃపున్యాన్నే కదుపుతుంది. చివరి వరస పొడవాటి బ్లేడుల కొసలు ధ్వని కన్నా వేగంగా తిరుగుతుంటాయి. తడి ఆవిరిలోని తుంపరలు వాటి ముందంచును కొరికేస్తాయి. పాడైన అంచు తీసేసి, స్టెల్లైట్ అనే కోబాల్టు మిశ్రమపు పట్టీ అతికిస్తారు. మృదంగం ఎడమవైపు రవ్వముద్ద పెడితే శ్రుతి దిగినట్టే, కొసన బరువు పెరిగితే బ్లేడు పౌనఃపున్యం తగ్గుతుంది. కొస అరిగితే పెరుగుతుంది. మొదలు దగ్గర పలచబడితే మళ్లీ తగ్గుతుంది. గాటు పడిన చోట అరగదీసి నునుపు చేయడం మంచిదే, పగులు అక్కడినుంచే మొదలవుతుంది గనక. అయితే ఆ అరగదీత మొదట్లోనా కొసనా అన్నది చూసుకోవాలి. వెల్డింగు వేడికి క్రోమియం ఉక్కు పెళుసెక్కుతుంది, తగిన ఉష్ణచికిత్స చేయకుండా బిగిస్తే పగులుకు తలుపు తెరిచినట్టే.

అనునాదంలో పడిన బ్లేడు విరగడానికి ఎన్నాళ్లు పడుతుంది? 150 హెర్ట్జ్ దగ్గర వణికే బ్లేడు పద్దెనిమిదిన్నర గంటల్లో కోటిసార్లు వంగుతుంది. లోహపు అలసటకు అది చాలు. ఒకప్పుడు మన దక్షిణాది గ్రిడ్‌లో కరెంటు కొరత వల్ల పౌనఃపున్యం 48 హెర్ట్జ్ దరిదాపులకు దిగేది. 150 దగ్గరుండే మూడో గుణిజం 144కి జారేది. మరమ్మతు తర్వాత 145కి దిగిన బ్లేడుంటే దాని గతి ఊహించుకోవచ్చు.

బ్లేడు విరిగితే ఏమవుతుందో చూడండి. 1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు విద్యుత్కేంద్రంలో చివరి వరసలోని రెండు బ్లేడులు అలసి విరిగాయి. అక్కడ తప్పు మరమ్మతుది కాదు, బ్లేడు డిజైనుది. సమతూకం పోయిన రోటరు కుదుపులకు సీళ్లు దెబ్బతిని జనరేటరులోని హైడ్రోజన్ బయటపడి అంటుకుంది, కేబుళ్లు కాలి కేంద్రమంతా చీకటైంది. సిబ్బంది టార్చిలైట్లతో మెట్లెక్కి రియాక్టరులోకి బోరాన్ ద్రావణం వదిలారు.

అన్ని బ్లేడులనూ అచ్చుగుద్దినట్టు ఒకేలా చేసేస్తే పోదా? అదీ అంత సులువు కాదు. ఎంత చేసినా ఒక బ్లేడు తక్కిన వాటికన్నా రవ్వంత తేడాగా మిగిలితే శక్తంతా దానిమీదే పోగుపడొచ్చు. 1966లో బ్రిటన్‌కు చెందిన వైట్‌హెడ్ లెక్క ప్రకారం వంద బ్లేడుల చక్రంలో అలాంటి బ్లేడు ఊపు గరిష్ఠంగా ఐదున్నర రెట్లు కావచ్చు. విచిత్రమేమిటంటే, ప్రవాహం తనంతట తానే రేపే ఫ్లటర్ అనే కంపనానికి అదే తేడా విరుగుడు. అందుకని కొన్నిచోట్ల కావాలనే తేడా పెడతారు.

మరమ్మతు ముగిశాక బ్లేడును చిన్న సుత్తితో తట్టి, వచ్చిన ధ్వనిని రికార్డు చేసి పౌనఃపున్యం తీస్తారు. అయితే నిశ్చలంగా ఉన్నప్పుడు వదులుగా ఉండే మొదలు తిరిగేటప్పుడు బిగుసుకుంటుంది, బ్లేడూ గట్టిపడుతుంది, అంకె మారుతుంది. తిరుగుతున్నప్పుడే చూడాలంటే కేసింగుకు సెన్సర్లు బిగించి, ప్రతి కొసా ఎప్పుడు దాటిపోయిందో కొలవాలి. ఒకటిన్నర మీటరు వ్యాసార్ధంలో కొస సెకనుకు దాదాపు 470 మీటర్లు పోతుంది. మిల్లీమీటరు ఊగితే రాక తేడా రెండు మైక్రోసెకన్లు మాత్రమే.