అరచేతి కంప్యూటర్, అటక మీది క్యాసెట్లు: అపోహలు – వాస్తవాలు

సోలాపూర్ తూర్పు పేటల్లో, అశోక్ చౌక్, దాజీ పేట చుట్టుపక్కల, తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందట వలస వచ్చిన పద్మశాలీల ఇళ్లున్నాయి. చాదర్లు, తువ్వాళ్లు నేసే ఈ వాడల్లో ఎవరి అటక మీదైనా తెలుగు క్యాసెట్లూ పాత యాంప్లిఫయరూ ఉంటే, రాస్ప్‌బెరీ పై వంటి చిన్న కంప్యూటర్ బోర్డు వాటికి మళ్లీ పని కల్పించగలదు. 2012లో 35 డాలర్లకు వచ్చిన ఈ బోర్డు గురించి అపోహలు చాలానే ఉన్నాయి.

అపోహ: ఇంత చవక బోర్డుతో మంచి శబ్దం రాదు.
వాస్తవం: పాట ఫైలును చదివి అంకెల రూపంలో ముందుకు పంపడమే బోర్డు పని. 2021లో 15 డాలర్లకు విడుదలైన చిన్న బోర్డు, పై జీరో 2 డబ్ల్యూ కూడా అందుకు సరిపోతుంది. ఆ అంకెలను శబ్దంగా మార్చేది డీఏసీ. పై 3, పై 4లలోని హెడ్‌ఫోన్ జాక్ నాణ్యత అంతంతమాత్రం; పై 5లో, జీరోలో ఆ జాక్ అసలు లేదు. అందుకే విడిగా ఒక యూఎస్‌బీ డీఏసీ కొనాలి. డబ్బు పెట్టాల్సింది దానిమీద, స్పీకర్ల మీద.

అపోహ: స్పీకర్లను నేరుగా బోర్డుకే కలపొచ్చు.
వాస్తవం: స్పీకర్‌ను కదిలించే శక్తి బోర్డుకు లేదు, యాంప్లిఫయర్ కావాలి. పాతదైనా పనికొస్తుంది. డీఏసీ వైరును దాని వెనుక ‘ఆక్స్’ అని ఉన్నచోట పెట్టండి. ‘ఫోనో’ గ్రామఫోన్ ప్లేయర్ల కోసం ఉన్నది. అక్కడ పెడితే పాట బద్దలైనట్టు వినిపిస్తుంది.

అపోహ: ఇంటర్నెట్ లేకపోతే పాట లేదు.
వాస్తవం: వాల్యూమియో, మూడ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు పెన్‌డ్రైవ్‌లోని పాటలను నెట్ లేకుండానే వినిపిస్తాయి. ఇంటి వైఫై ఉంటే ఫోనే రిమోట్. నెట్ ఉంటే ప్రపంచంలోని వెబ్ రేడియోలూ వినొచ్చు.

అపోహ: ఎంపీ3ని ఫ్లాక్‌గా (నాణ్యత తగ్గకుండా కుదించే ఫైలుగా) మారిస్తే నాణ్యత పెరుగుతుంది.
వాస్తవం: ఎంపీ3 చేసేటప్పుడు తీసేసిన వివరం తిరిగి రాదు, ఫైలు బరువు మాత్రం పెరుగుతుంది. సీడీ స్థాయి, అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, ఇంట్లో వినడానికి ధారాళంగా చాలు. ఎంత నాణ్యత ఉన్నా మగ్గాల మధ్య వినొద్దు: మరమగ్గాల షెడ్డులో మోత 90 డెసిబెళ్లు దాటడం మామూలే. ఆ మోతను మించేలా పాట పెంచితే చెవికి రెండింతల చేటు. పెద్దలకు వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్ల వరకే సురక్షితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మగ్గాలు ఆగాక వినండి.

అపోహ: కరెంటు పోతే అంతా పోతుంది, బిల్లూ పెరుగుతుంది.
వాస్తవం: మొదటి భయంలో కొంత నిజముంది. బోర్డులోని మెమరీ కార్డు మీద ఏదైనా రాస్తుండగా కరెంటు పోతే అది చెడిపోవచ్చు. పైకోర్ ప్లేయర్ అనే సాఫ్ట్‌వేర్ మొత్తం మెమరీలోకి ఎక్కి నడుస్తుంది కాబట్టి ఆ ముప్పు చాలా తక్కువ. బిల్లు భయం మాత్రం వద్దు: మూడు వాట్లు వాడే బోర్డు నెలంతా ఆపకుండా నడిచినా ఖర్చయ్యేది రెండు యూనిట్ల పైచిలుకు.

అపోహ: యాప్‌లలో అన్నీ దొరుకుతున్నాయి, ఇదంతా ఎందుకు?
వాస్తవం: సినిమా పాటలకైతే ఫోను చాలు. మీ నాయనమ్మ పాడిన బతుకమ్మ పాట, పెళ్లిలో రికార్డు చేసిన పెద్దల మాటలు ఏ యాప్‌లోనూ లేవు. వాటిని క్యాసెట్ల నుంచి ఎక్కించాలంటే, బోర్డుకు శబ్దం లోపలికి తీసుకునే దారి లేదు గనుక, లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, పనిచేసే టేప్ రికార్డర్ కావాలి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చు. అరవై నిమిషాల క్యాసెట్ కుదించకుండా ఉంచితే దాదాపు 635 ఎంబీ, ఫ్లాక్‌లో అంతకన్నా బాగా తక్కువ. ఫ్లాక్‌లో వంద క్యాసెట్లు 64 జీబీలో సులువుగా పడతాయి. రెండో కాపీ వేరే ఇంట్లో దాచండి. టేపు ఏటేటా క్షీణిస్తూనే ఉంటుంది. ఇంటి గొంతులున్న క్యాసెట్లనే ముందుగా ఎక్కించండి, సినిమా పాటలు ఆగగలవు.